వాట్సాప్ గ్రూపా, సిగ్నల్ గ్రూపా?

విశాఖలో జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర ధర్నాకు జనాన్ని పిలవాలంటే వాట్సాపే దిక్కు. జాలరిపేటలోనైనా గాజువాకలోనైనా ఎక్కువమంది ఫోన్లలో ఉండేది అదే. సందేశాలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఎవరూ చదవలేని ఏర్పాటు) వాట్సాప్‌లోనూ, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లోనూ ఉంది, చిక్కు వేరేచోట. వాట్సాప్ గ్రూపులో మామూలుగా అందరి నంబర్లూ కనిపిస్తాయి. అమ్మాయిలకు అర్ధరాత్రి కాల్స్ మొదలయ్యేది అలాగే. గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఎవరికి వారే ఆన్ చేసుకోవాలి. ఒక్కరు మరిచినా వాళ్ల బ్యాకప్‌లో గ్రూపు చాటంతా ఆ రక్షణ లేకుండా ఉంటుంది.

సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్‌తో నంబరు దాచుకోవచ్చు (ఖాతా తెరవడానికి మాత్రం నంబరు తప్పదు). బాధితుల వివరాలు ఇందులోనే పంపండి, వారంలో చెరిగిపోయేలా పెట్టండి. సాక్ష్యానికి పనికొచ్చే వీడియో అయితే అసలు ఫైలు ముందే వేరేచోట దాచాలి. ఫోనే లాక్కుంటే రెండూ ఒకటే: వేలిముద్ర తీసేసి పొడవైన పిన్ పెట్టండి.