వైబ్రఫోన్: కొన్నేళ్లు వాయించాక

వైబ్రఫోన్ అంటే వరుసగా పేర్చిన లోహపు బార్లని మాలెట్లతో, అంటే ఉండ తల ఉన్న పుల్లలతో, కొట్టి వాయించే వాద్యం. నా దగ్గరున్నది 3 ఆక్టేవుల (స్థాయిల) వైబ్రఫోన్, సెకండ్‌హ్యాండ్‌ది. మొత్తం 37 అల్యూమినియం బార్లు. కొనేటప్పుడు అందరూ శబ్దాన్ని ఊగించే మోటారు గురించే అడిగారు. నన్నడిగితే మోటారు లేకపోయినా పని నడుస్తుంది, మోత ఆపే కాలి పెడల్ బాగా లేకపోతే మాత్రం దండగ.

ఇలాంటిదే చెక్క బార్లున్న జైలోఫోన్‌లో చెక్క టక్కుమని మోగి ఆగిపోతుంది. అల్యూమినియం అలా ఆగదు, కింది స్వరాలైతే సెకన్ల తరబడి మోగుతూనే ఉంటాయి. పెడల్ మీంచి కాలు తీస్తే ఫెల్ట్ (మెత్తటి ఉన్ని గుడ్డ) అంటించిన పొడవాటి పట్టీ లేచి రెండు వరుసల బార్లనీ ఒకేసారి తాకి మోత ఆపుతుంది. 1921 ప్రాంతంలో అమెరికాలో లీడీ కంపెనీ చేసిన తొలి వాద్యానికి ఈ పెడల్ లేదు. 1927లో డీగన్ కంపెనీ పెట్టింది. నా దాంట్లో ఫెల్ట్ ఒకవైపు అరిగి పై స్వరాలు ఆగేవి కావు, మార్పించాక దారికొచ్చింది.

ప్రతి బారుకీ అడుగున మధ్యలో లోహం తొలిచి ఉంటుంది. అసలు స్వరంతో పాటు వినిపించే పై స్వరం సరిగ్గా రెండు ఆక్టేవుల పైన పడేది అందువల్లే. రెండు చివర్ల నుంచి పొడవులో సుమారు 22 శాతం దగ్గర కంపనం దాదాపు ఉండదు కాబట్టి బార్లని మోసే తాడు అక్కడ దూరుస్తారు. ఆ చోట కొడితే మోత చప్పగా వస్తుంది. గరగర వినిపిస్తే ముందు తాడు చూడండి, వదులైతే బారు పక్కనున్న మేకుకి తగులుతుంది.

బార్ల కింద వేలాడే గొట్టాలు అదే శ్రుతిలో మోగి శబ్దాన్ని పెంచుతాయి, వాటికి అడుగు మూసి ఉంటుంది. పొడవు ధ్వని తరంగంలో నాలుగో వంతు: అన్నిటికంటే కింది స్వరానికి దాదాపు అర మీటరు, పై చివర 6 సెంటీమీటర్లు. మే నెలలో ఏసీ లేని గదిలో వాయిస్తే నిండుదనం తగ్గుతుంది. గాలి వేడెక్కితే గొట్టం శ్రుతి పైకి పోతుంది, బారు శ్రుతి మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది మరి.

మోటారు సంగతి: గొట్టాల మూతుల దగ్గర గుండ్రటి రేకులు తిరుగుతూ తెరుచుకుని మూసుకుంటాయి, శబ్దం పెరిగి తగ్గుతుంది. అమెరికన్ జాజ్ వైబ్రఫోన్ వాద్యకారుల్లో మిల్ట్ జాక్సన్ నెమ్మదిగా తిప్పేవాడు, గ్యారీ బర్టన్ ఎక్కువగా మోటారు ఆపేసే వాయించాడు. నేనూ అంతే, చిన్న గదిలో ఆ మోటారు రొద భరించలేను.

గమకాలు పలకవు. మెత్తటి మాలెట్లతో మోహనం, హంసధ్వని హాయిగా ఉంటాయి. తోడి జోలికి మాత్రం పోను.