ఐర్లండ్ రాజ్యాంగం పాకెట్ పుస్తకం: పాత ప్రతి, కొత్త ప్రతి

డబ్లిన్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణంలో ఐర్లండ్ రాజ్యాంగం చిన్న ప్రతి కొన్నాను. ఇప్పుడు అమల్లో ఉన్న పాఠం ఇదేనని దుకాణదారు చెప్పిన మాట నమ్మి ఇంటికి తెచ్చుకున్నాక, గర్భస్రావానికి సంబంధించిన 40.3.3 అధికరణం దగ్గరకు వచ్చేసరికి అది 2018కి ముందు ప్రతి అని బయటపడింది. కొత్త ప్రతి మళ్లీ కొనక తప్పలేదు. అయితే ఈ రెండో ఖర్చు దండుగ కాలేదు. గర్భస్రావ చట్టానికి రాజ్యాంగంలో చోటుండాలా అని ఎవరైనా అడిగితే, ఈ రెండు ప్రతుల్లో ఆ ఒక్క చోటును తెరిచి ముందు పెడితే చాలు.

పుస్తకంలో ఐరిష్, ఇంగ్లిష్ పాఠాలు ఎదురెదురు పుటల్లో ఉంటాయి. రెండింటికీ పొంతన కుదరనప్పుడు ఐరిష్ పాఠమే చెల్లుతుంది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ఒరవడి అయిన 45వ అధికరణం కూడా ఇందులోనే ఉంది కాబట్టి, మనవాళ్లకు ఇది బొత్తిగా పరాయి పుస్తకం కాదు.

పాత ప్రతిలోని 40.3.3 మొదటి పేరా 1983 సెప్టెంబరు 7న జరిగిన రెఫరెండంతో, అంటే ప్రజలందరి ఓటుతో, చేరింది. తల్లికి ఉన్న సమానమైన జీవించే హక్కును దృష్టిలో ఉంచుకుంటూ, గర్భస్థ శిశువు జీవించే హక్కును ఆచరణ సాధ్యమైనంత మేరకు చట్టాల ద్వారా కాపాడతామని అది హామీ ఇస్తుంది. ఈ మాటల్లో స్పష్టత లేదని నాటి అటార్నీ జనరల్ పీటర్ సదర్లాండ్ ముందే హెచ్చరించారు. నా ప్రతిలో 'ఆచరణ సాధ్యమైనంత మేరకు' అన్న చోట ఎవరో పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ పాఠకుడెవరో గానీ సరైన చోటే ఆగాడు. దాని కింద ప్రయాణం గురించి ఒక పేరా, సమాచారం గురించి మరో పేరా ఉన్నాయి. అత్యాచారానికి గురై గర్భవతి అయిన పద్నాలుగేళ్ల బాలికను దేశం దాటనివ్వకుండా హైకోర్టు ఆపడం, ఆ ఉత్తర్వును సుప్రీంకోర్టు ఎత్తివేయడం జరిగిన 1992లోనే, మరో రెండు రెఫరెండాలతో ఇవి వచ్చి చేరాయి. ఒక్క వాక్యం వేసిన ముడిని విప్పబోయి అతుకుల మీద అతుకులు వేసిన తీరు ఈ పుటలో కళ్లకు కడుతుంది.

అసలు లోపం వైద్యుల దగ్గర బయటపడుతుంది. 2012 అక్టోబరులో గాల్వేలో, పదిహేడు వారాల గర్భం నిలవదని తేలాక కూడా పిండం గుండె కొట్టుకుంటోందన్న కారణంతో గర్భస్రావానికి నిరాకరించగా, బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు సవిత హలప్పనవర్ ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే సెప్సిస్‌తో మరణించారు. ప్రాణానికి ముప్పు ఎప్పుడు మొదలైనట్టు, ఎంత ముదిరితే చెయ్యి వేయవచ్చు అన్నది ఘడియ ఘడియకూ మారే వైద్య నిర్ణయం. దానికి రాజ్యాంగ వాక్యాన్ని కొలబద్దగా పెట్టడమే తప్పని నా అభిప్రాయం.

కొత్త ప్రతిలో ఆ మూడు పేరాలూ లేవు. 2018 మే 25న 66.4 శాతం ఓట్లతో నెగ్గిన సవరణ వాటిని తొలగించి, గర్భస్రావ నియంత్రణకు చట్టం ద్వారా ఏర్పాటు చేయవచ్చన్న ఒక్క వాక్యం పెట్టింది. గర్భస్రావానికి పన్నెండు వారాల పరిమితి, దానికి ముందు మూడు రోజుల నిరీక్షణ వంటివన్నీ ఆ ఏడాది చేసిన చట్టంలోకి వెళ్లాయి. అక్కడ రాజ్యాంగంలో ఏది మార్చాలన్నా రెఫరెండం తప్పదు, చట్టానికి ఆ అవసరం లేదు. మన 1971 గర్భస్రావ చట్టంలోని ఇరవై వారాల పరిమితిని 2021లో కొన్ని వర్గాల స్త్రీలకు ఇరవై నాలుగుకు పెంచడానికి పార్లమెంటు సవరణ చట్టమే సరిపోయింది.

కొత్త వాక్యంలోనూ కొరత ఉంది: అది ఐర్లండ్ పార్లమెంటుకు అధికారం ఇస్తుందే తప్ప స్త్రీకి హక్కు ఇవ్వదు. ఫ్రాన్స్ 2024 మార్చిలో తన రాజ్యాంగంలో స్త్రీకి ఈ విషయంలో హామీతో కూడిన స్వేచ్ఛ ఉందని రాసుకుని, షరతులను మాత్రం చట్టానికి వదిలింది. నాకు ఆ పద్ధతే నచ్చింది. అందుకే కొత్త ప్రతికి ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. కొనేవారు డబ్బు ఇచ్చే ముందు 40.3.3 తెరిచి చూడండి; ప్రయాణం గురించిన పేరా కనిపిస్తే అది పాత ప్రతి.