పాత చీరలతో బొంతలు కుట్టేచోటు, విజయవాడ వన్‌టౌన్ – 5కి 4

పాత కాటన్ చీరలతో బొంతలు ఎవరు కుడతారని చాలామంది అడుగుతుంటారు కదా, మేం వన్‌టౌన్‌లో ఒకచోట కుట్టించాం. బోర్డూ గీర్డూ ఏం లేదు, ఇంటి ముందుగదిలో అత్తాకోడళ్ళిద్దరూ చాప పరుచుకుని కూర్చుని కుడతారు, అంతే. పని బాగుంది, ఒక స్టార్ ఎందుకు తగ్గిందో కింద రాశా.

ఇవి మా అమ్మ చీరలు. సంవత్సరీకం అయ్యాక బీరువా తీశాం. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో పెట్టుకోకూడదే, ఎవరికన్నా ఇచ్చేయండి అని పిన్ని ఒకటే గోల. పట్టుచీరలకైతే ఏ పట్టింపూ అడ్డం రాలేదు లెండి, తలా రెండు తీసుకున్నాం, పిన్ని కూడా తీసుకుంది. మిగిలినవన్నీ అమ్మ రోజూ కట్టుకున్న నేతచీరలు, ఉతికి ఉతికి పల్చబడిపోయి ఇద్దామన్నా ఎవరూ కట్టుకోరు. అమ్మ అయితే ఇలాంటివే దాచి మనవడో మనవరాలో పుట్టబోయే ముందు చిన్న బొంత కుట్టి ఉంచేది, కొత్తగుడ్డ పసిపిల్లలకి గుచ్చుకుంటుందని. సరే ఇప్పుడు పెద్దాళ్ళయ్యారు కాబట్టి పెద్ద బొంతలే కుట్టిద్దాం, పిల్లలకి తలా ఒకటి అంది అక్క. మా ఇద్దరి పిల్లలకీ అమ్మమ్మ, తమ్ముడి పిల్లలకి నానమ్మ, ఎవరి వాటా తగ్గినా గొడవే.

వాళ్ళు తీసుకునే పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒక్కో చీరా విప్పి కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి చూస్తారు, ఎక్కడ చీకిందో అక్కడ సుద్దముక్కతో గీత పెడతారు. పాలిస్టర్ అస్సలు తీసుకోరు, జారిపోద్ది, పైగా ఉక్క అన్నారు. జరీ అంచులు కోసి మనకే ఇచ్చేస్తారు, ఒంటికి గీరుకుంటాయి కాబట్టి. ఒక్కో బొంతకి నాలుగైదు చీరలు పడతాయి, గట్టివి పైనా కిందా, చీకినవి మధ్యలో. గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి తీసుకెళ్ళండి, లేకపోతే సూది దిగట్లేదని వెనక్కి పంపేస్తారు.

అక్కడ కూర్చుని ఒక్కో చీరా తీసి ఇస్తుంటే అమ్మ బతుకంతా వరసగా బయటికొచ్చింది. పైనున్నవి మంగళగిరి చీరలు, మేం ఉద్యోగాల్లో చేరాక కొనిపెట్టినవి, పండక్కి కట్టుకుంటానని చాలాకాలం మడత విప్పలేదు. వాటి కింద పెడన అద్దకం చీర, కలంకారీ అంటారుగా, బందరు పక్కనే కాబట్టి అమ్మ పుట్టింటివాళ్ళు పెళ్ళిలో పెట్టారు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, టేకుచెక్క అచ్చులతో అద్దిన పాతకాలపు పని. నలభై ఏళ్ళ పైబడిన ఆ చీర ఉప్పునీళ్ళలో వేస్తే చుక్క రంగు దిగలేదు, మొన్నమొన్న షోరూంలో కొన్న ఎర్రచీర మాత్రం బకెట్టంతా ఎర్రగా చేసింది.

అన్నిటికన్నా అడుగున ఆకుపచ్చ గళ్ళ చీర. అది అమ్మ కట్టుకోగా మేం ఎప్పుడూ చూళ్ళేదు. అమ్మది నాగాయలంక దగ్గర పల్లెటూరు. 1977 నవంబర్ 19, శనివారం, దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు పదహారేళ్ళు. ప్రభుత్వం లెక్కే దాదాపు 10,000 మంది పోయారని, అసలు లెక్క ఇంకా ఎక్కువని ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఇల్లు పోయింది, ఒంటిమీద బట్టతో మిగిలారు, తర్వాత సాయం లారీల్లో పంచిన చీర ఇది. పెళ్ళయి రేపల్లె వచ్చినప్పుడు పెట్టెలో తెచ్చుకుంది. మా చిన్నప్పుడు ఉప్పెన గురించి అడిగితే పోయి చదువుకోండి అని కసిరేది. అదే మావాడు స్కూల్ ప్రాజెక్టుకి కావాలి అమ్మమ్మా అంటే సాయంత్రం నుంచి భోజనాలదాకా కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పింది, నేను వంటింట్లో నుంచి విన్నా. మాకు టెన్త్ అయ్యేదాకా కాఫీ ఇవ్వని మనిషి వాడికి నాలుగో ఏటే సాసర్లో పోసిచ్చేది, మేమేమన్నా అంటే మీరెవరే చెప్పడానికి అనేది. ఇదెక్కడి న్యాయమో.

ఆ గళ్ళచీర పైకి కనపడేలా వేయమన్నా. కుట్టేవాళ్ళలో అత్తగారు వేళ్ళతో అటూ ఇటూ లాగి చూసి, "పైన వేస్తే రెండు ఉతుకులకి పోద్దమ్మా, లోపల వేస్తే ఉంటది" అంది. లోపలే వేయించాం, మావాడి బొంతలో. చెప్తున్నా, మీకు ఏ చీర ఎవరి బొంతలోకి వెళ్ళాలో కచ్చితంగా ఉంటే కాగితం మీద పేరు రాసి పిన్నీసు పెట్టి ఇవ్వండి, నోటిమాటగా చెప్తే కలిసిపోతాయి.

ఇప్పుడు కుట్టు సంగతి. మా అమ్మ జాకెట్లు కుట్టేది, నాన్న జీతం చాలక మొదలుపెట్టింది, ఆ కాలిమెషిన్ చప్పుడు మధ్యే మా ముగ్గురి చదువులూ అయ్యాయి. బయట కొన్న ఏ బట్టైనా సరే ముందు తిరగేసి లోపలివైపు చూసేది, కుట్టినోళ్ళ బుద్ధి అక్కడ తెలుస్తది అనేది. బట్టలషాపులో అందరి ముందూ అలా చేస్తుంటే చిన్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం. బొంతలు ఇంటికి తేగానే నేనూ అదే చేశా. చేతికుట్టువి చూస్తే ఏది పైవైపో ఏది కిందవైపో తెలీదు, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి వరసలు, మూలల్లో ముడి కూడా కనపడదు. అమ్మ చూసున్నా ఒక్క మాట అనలేకపోయేది అనుకుంటున్నా, పొగడదు, అది వేరే విషయం.

ఒక్కటి మాత్రం తిరగేస్తే దారం ఉండలు ఉండలుగా ఉంది. మెషిన్ మీద కుట్టేశారు! సంక్రాంతి ముందు ఆర్డర్లు ఎక్కువై చేశాం అన్నారు, సరే, కానీ మాకు చెప్పకుండా చేతికుట్టు రేటే తీసుకున్నారు. అడిగితే వాదించకుండా తేడా డబ్బులు వెంటనే ఫోన్‌పే చేశారు, ఆ మర్యాద ఉంది. పండక్కి ముందే ఇస్తామని చెప్పి పండగ అయ్యాక ఇచ్చారు, ఈలోపు అక్క హ్యూస్టన్ వెళ్ళిపోయింది. ఈ రెండింటికీ కలిపే ఆ స్టార్ తగ్గించా. అమెరికాకి పంపాలంటే కొరియర్ ఖర్చు కుట్టుకూలిని మించిపోతుంది, బొంత నీళ్ళు పీల్చిన పరుపంత బరువు, వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో సర్దించుకోవడమే మంచిది. అక్క వాటా ఇంకా మా ఇంట్లోనే ఉంది.

మాకైతే సింగిల్ కాట్ సైజు చేతికుట్టుకి 1,800 పడింది, మెషిన్ అయితే 900, చుట్టూ గుడ్డ అంచు కావాలంటే 150 అదనం. సగం అడ్వాన్సు ఇవ్వాలి. డిసెంబర్, జనవరిల్లో మాత్రం వెళ్ళకండి, ఎండాకాలం ఇస్తే తీరిగ్గా కుడతారు. ఇంటికొచ్చాక వాషింగ్ మెషిన్లో పడేయొద్దు, టబ్బులో నానబెట్టి కాళ్ళతో తొక్కి నీడలో ఆరేయాలి, తడిసిన బొంత పిండటానికి ఇద్దరు మనుషులు కావాలి.

పిల్లల సంగతి అడిగితే, తమ్ముడి కూతురు ఎండాకాలంలో కూడా వదలట్లేదు. మావాడికి బరువు ఎక్కువైందట, ఏసీ వేస్తేనే కప్పుకుంటాడు, దాంతో కరెంటు బిల్లు నా నెత్తినొచ్చింది. పిన్ని కూడా మొన్నొచ్చి చూసి, మిగిలిన ముక్కలుంటే నాకో దిండుగలీబు కుట్టించవే అంది, ఇంట్లో ఉంచకూడదన్న మనిషి!

జరీ అంచులు ఒక సంచినిండా అలాగే ఉన్నాయి, వీళ్ళు వాటితో ఏం చేయరు. గుంటూరు, తెనాలి వైపు అంచులతో సంచులో టేబుల్ మీద వేసుకునేవో కుట్టేవాళ్ళు తెలిస్తే చెప్పండి, రేటు ముందే మాట్లాడుకునేవాళ్ళయితే మంచిది, కుట్టు మాత్రం తిరగేసి చూస్తానని ముందే చెప్పేయండి వాళ్ళకి.