పంటి మొదట్లో గాట్లకు ఫిల్లింగులు: ఏడేళ్లు వాడాక నా అనుభవం

2018 జూన్‌లో నా ఎడమ వైపు నాలుగు పళ్లకు, సరిగ్గా చిగురు అంచున, ఫిల్లింగులు వేయించుకున్నాను. పైన కోరపన్ను, దాని వెనక రెండు చిన్న దవడపళ్లు, కింద ఒకటి. రెండింటికి కంపోజిట్, అంటే పంటి రంగులో ఉండే ప్లాస్టిక్ లాంటి ముద్ద. రెండింటికి గ్లాస్ అయనోమర్ సిమెంట్, అంటే గాజు పొడిని ఆమ్లంతో కలిపి చేసే సిమెంటు. ఒకే రోజు, ఒకే డాక్టరు చేతి మీదుగా. ఏడేళ్లు దాటాయి కాబట్టి ఏది నిలిచిందో, ఏది ఊడిందో ఇప్పుడు చెప్పగలను. కుడి వైపు ఇంకో పన్నుకూ గాటు ఉంది. దానికి ఏమీ వేయించుకోలేదు. నాకు బాగా నేర్పింది ఆ పన్నే.

గాటు సంగతి మొదట గోటికి తెలిసింది. పన్ను మీద నుంచి చిగురు వైపు గోరు జార్చితే నున్నగా దిగాలి. నాకు చిగురు దగ్గరికి వచ్చేసరికి టక్కున మెట్టులో పడినట్టు ఆగేది. అద్దంలో చూస్తే చెట్టు మొదట్లో గొడ్డలి వేటు పడ్డట్టు కోణంగా నొక్కు. పుప్పి అనుకున్నాను కానీ నలుపు లేదు, మెత్తదనం లేదు. పసుపుపచ్చగా, గట్టిగా, గాజులా మెరుస్తూ ఉంది. పచ్చి మామిడికాయ తింటే పళ్లు పులియడం అందరికీ ఉన్నదే. ఇది అలాంటిది కాదు. కుండలో నీళ్లు ఒక గుక్క తాగితే చాలు, సూది దిగినట్టు జివ్వుమని లాగి రెండు మూడు సెకన్లలో పోయేది. పుక్కిలించేటప్పుడు తల కుడి వైపు వంచి, నీళ్లు ఎడమకు తగలకుండా చూసుకోవడం అలవాటైపోయింది. అలా దాదాపు రెండేళ్లు నెట్టుకొచ్చాను. అంత ఆలస్యం చేయకుండా ఉండాల్సింది.

మొదట చూపించుకున్న చోట నాలుగింటికీ రూట్ కెనాల్ చేసి తొడుగులు వేయాలన్నారు. నరం దాకా పోని పన్నుకు నరం తీయడం ఎందుకో అడిగితే సరైన జవాబు రాలేదు. ఇంటికి వచ్చి రాత్రంతా బాధపడ్డాను. మరో డాక్టరు ఎక్స్‌రే తీసి, చల్లటి దూది ఆనించి పరీక్షించి, నరాలు నాలుగూ ఆరోగ్యంగా ఉన్నాయని చెప్పారు. చల్లదనం తగిలినప్పుడు లాగి, తీసేయగానే తగ్గిపోతే నరం బాగున్నట్టేనట. దానంతట అదే సలుపుతూ రాత్రి నిద్ర లేపే నొప్పి వేరు, దానికి వైద్యం వేరు. ఈ ఒక్క తేడా తెలియక ఎంతమంది భయపడి పళ్లు తీయించుకుంటున్నారో అనిపిస్తుంది.

ఆ డాక్టరు వెంటనే ఫిల్లింగు వేయలేదు. "అమ్మా, మీరు రోజూ వాడే బ్రష్షు, పేస్టు, పొడి, అన్నీ రేపు తీసుకురండి" అన్నారు. తీసుకెళ్లాను. గట్టి కుచ్చు బ్రష్షు, రెండు వైపులా విరబూసి ఉంది. డబ్బాలో ముదురు రంగు పళ్లపొడి. చేతికి అద్దం ఇచ్చి "ఇంట్లో ఎలా తోముతారో అలాగే తోమండి" అన్నారు. నేను పిడికిలి బిగించి ఎడమ వైపు అడ్డంగా, రంపం లాగినట్టు తోమాను. నాలుగో లాగుకే ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ వైపు కోరపన్ను దగ్గర, వెనక దవడపళ్ల దగ్గర జోరు ఎక్కువ పడుతుందని, నా గాట్లన్నీ అక్కడే ఉన్నాయని అద్దంలోనే చూపించారు.

పంటి మీది గట్టి పొర ఎనామెల్ చిగురు దగ్గరికి వచ్చేసరికి బాగా పలచబడుతుంది. చిగురు కాస్త వెనక్కి జారితే ఎనామెల్ లేని వేరు భాగం బయటపడుతుంది. దాని లోపలి పొర డెంటిన్, ఎనామెల్ కన్నా చాలా మెత్తన. దాన్ని అరగదీసేది బ్రష్షు కుచ్చు కన్నా పొడిలోని, పేస్టులోని గరుకు రేణువులే. డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. చల్లదనం తగిలితే ఆ ద్రవం కదిలి లోపలి నరాన్ని తట్టి లేపుతుంది. ఆ జివ్వుమనడం అదే. నా విషయంలో ఇంకో కారణం కూడా తోడైంది. రోజూ పొద్దున నిమ్మరసం తాగి, వెంటనే పళ్లు తోముకునేదాన్ని. పులుపు తగిలి మెత్తబడిన పంటిని ఆ క్షణమే గరుకు పొడితో రుద్దడమంటే తడి గోడను ఇసుక కాగితంతో గీకడమే. రాత్రిళ్లు పళ్లు నూరడం వల్ల కూడా ఇలాంటి గాట్లు పడతాయనే వాదన ఉంది కానీ, దాని మీద దంతవైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదని ఆయనే చెప్పారు.

ముందు లాగడం తగ్గించే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు ఆరు వారాలు వాడించారు. మూడో వారానికి లాగడం సగం తగ్గింది. కుడి వైపు పన్నుకు అది పూర్తిగా సరిపోయింది. ఎడమ వైపు గాట్లు లోతుగా ఉండి, అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నాయి కాబట్టి వాటిని పూడ్చాలని నిర్ణయించారు. మత్తు సూది అవసరం రాలేదు. చిగుళ్లను పక్కకు జరపడానికి సన్నని దారం చుట్టారు. అది కొంచెం నొక్కినట్టు ఉంటుంది, అంతే. కంపోజిట్‌కు ముందుగా ఆమ్లపు జెల్ పూసి, కడిగి, జిగురు రాసి, పొరలు పొరలుగా పెట్టి నీలి కాంతితో గట్టిపరిచారు. సిమెంటు దానంతటదే గట్టిపడింది, పైన వార్నిష్ పూశారు. మొత్తం గంటన్నర. కంపోజిట్ పంటికి 1500, సిమెంటు పంటికి 800, అంతా కలిపి 4600 రూపాయలు. ఆ సాయంత్రం కుండ నీళ్లు గ్లాసు నిండా తాగాను. ఏమీ లాగలేదు. మా అమ్మకు ఫోను చేసి చెప్పుకున్నాను.

మొదట ఊడింది నేను ఎక్కువ నమ్మకం పెట్టుకున్న కంపోజిట్టే. పధ్నాలుగో నెలలో, శ్రావణ శుక్రవారం నాడు పులిహోర తింటుంటే నాలుకకు గట్టిగా ఏదో తగిలింది. రాయి అనుకుని తీసి చూస్తే బియ్యపు గింజలో సగం ఉన్న ముక్క. ఒక పక్క నున్నగా, రెండో పక్క గాటు అచ్చు దిగినట్టు కోణంగా ఉంది. నొప్పి లేదు. పన్ను విరిగిందేమోనని మాత్రం గుండె ఝల్లుమంది. డాక్టరు చూసి, అక్కడ గాటు అడుగు చిగురు కిందికి దిగిందని, తడి తగిలితే కంపోజిట్ జిగురు సరిగా పట్టదని, ఏళ్ల తరబడి అరిగి గాజులా మారిన డెంటిన్‌కు అంటుకోవడం కూడా కష్టమని వివరించారు. అదే చోట రెజిన్ (కంపోజిట్‌లో ఉండే ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపిన గ్లాస్ అయనోమర్ వేశారు. అది ఈ రోజుకీ కదల్లేదు. కోరపన్ను కంపోజిట్ కూడా నిలిచింది. రంగు పంటితో ఎంత కలిసిపోయిందంటే నవ్వితే నాకే తెలియదు. నాలుగో ఏట అంచు వెంట సన్నని గోధుమ రంగు గీత వస్తే పాలిష్ పట్టారు, పోయింది.

మామూలు సిమెంటు రెండూ పట్టు వదల్లేదు. అది పంటిలోని కాల్షియంతో రసాయనికంగా కలిసి అంటుకుంటుంది, కొంచెం తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ కూడా విడుస్తుంది. లోపం చెప్పాలంటే నునుపు నిలవదు. రెండో ఏటి నుంచి నాలుకకు గరుకు తెలిసింది, కాఫీకి రంగు మాసింది. కింది పంటి దగ్గర అంచు కాస్త పొడుచుకు వచ్చి, చిగురు ఎర్రబడి, తోమినప్పుడల్లా రక్తం కనిపించేది. ఆ అంచు అరగదీసిన వారానికే చిగురు మామూలైంది. ఫిల్లింగు తరువాత చిగురు వాస్తే దయచేసి ఓర్చుకోకండి, వెళ్లి అంచు చూపించుకోండి. 2023లో ఆ పంటి సిమెంటు మార్పించాను. నా అనుభవంలో నవ్వితే కనిపించే చోటికి కంపోజిట్, వెనక చిగురు కిందికి దిగిన చోటికి సిమెంటు జాతి సరైనవి. అన్నింటికీ ఒకటే వేస్తామంటే ఎందుకో అడగండి.

ఇక ఫిల్లింగు వేయించని కుడి వైపు పన్ను, ముందు మధ్య నుంచి లెక్కిస్తే ఐదోది. 2018లో దాని గాటు లోతు మిల్లీమీటరు కన్నా తక్కువ. ఫొటో తీసి పెట్టుకుని, ఏటా పోల్చి చూద్దామన్నారు. మెత్తటి కుచ్చు బ్రష్షు, పిడికిలి కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టు, చిగురు వైపు ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న కదలికలు. పొడి డబ్బా ఇంట్లోంచే వెళ్లిపోయింది. నిమ్మరసం ఇప్పటికీ తాగుతున్నాను కానీ ముందు తోముకుని, తరువాత తాగి, మామూలు నీళ్లతో పుక్కిలిస్తున్నాను. చేయి మారడానికి నాలుగు నెలలు పట్టింది. మొదట్లో పళ్లు శుభ్రపడలేదేమో అనే అసంతృప్తి రోజూ ఉండేది. అయినా వదల్లేదు.

ఈ మార్చిలో 2018 నాటి ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించారు. ఐదో పన్ను గాటు ఎంతుందో అంతే ఉంది. ఎడమ వైపు సిమెంటు వేసిన దవడపన్ను మాత్రం ఏడేళ్లలో బాగా అరిగింది, పై అంచు లేచింది. వచ్చే నెల దాన్ని మార్పించుకోవడానికి వెళ్తున్నాను.