కుక్కపిల్ల టీకాలు: 6-9-12 వారాలా, 8-12-16 వారాలా?

"మూడు డోసులూ వేయించాం, అయినా పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) ఎలా వచ్చింది?" అని అడిగేవాళ్లు ఒకసారి టీకా కార్డు తీసి, చివరి డోసు నాటికి పిల్ల వయసెంతో చూడండి. పదకొండో పన్నెండో వారం అయితే జవాబు చాలావరకు అక్కడే ఉంటుంది.

రెండు పద్ధతుల్లోనూ ఇంజెక్షన్లు మూడే, ఖర్చూ ఇంచుమించు అంతే. నా ఓటు 8-12-16కే. తల్లి ముర్రుపాలతో వచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకాలోని బలహీనపరిచిన వైరస్‌నీ అణిచేస్తాయి. టీకా పడుతుంది, కానీ పట్టదు. ఈ యాంటీబాడీలు ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోతే, అదే ఈతలో పుట్టిన ఇంకో పిల్లలో పదహారో వారం దగ్గర దాకా ఉండొచ్చు. మధ్యలో కొన్నాళ్లు మరీ ప్రమాదం: జబ్బును ఆపేంత బలం వాటికి ఉండదు, టీకాను చెడగొట్టేంత మాత్రం ఉంటుంది. పార్వో, డిస్టెంపర్ (ఊపిరితిత్తుల్నీ నరాల్నీ దెబ్బతీసే మరో వైరస్ జబ్బు) టీకాల్లో పట్టిన డోసు ఒక్కటైనా చాలు. అది ఏదో బయటికి తెలియదు కాబట్టే మళ్లీ మళ్లీ వేస్తాం. పన్నెండుకే ఆపేస్తే కొన్ని పిల్లలకు మూడూ వృథా.

అలాగని 6-9-12ని కొట్టిపారేయలేం. తల్లికి టీకాల్లేకపోయినా, పిల్ల ముర్రుపాలు తాగకపోయినా, వీధిలో పార్వో తిరుగుతున్నా ఆరో వారంలోనే మొదలుపెట్టాలి. అయితే పన్నెండుతో ఆపకుండా పదహారో వారంలో నాలుగోది వేయించండి. పార్వో వస్తే రోజుల తరబడి ఎక్కించే సెలైన్ ముందు ఆ ఒక్క డోసు ఖర్చెంత!

పదహారో వారంలోనూ పట్టని పిల్లలు కొన్ని ఉంటాయి. అందుకే అంతర్జాతీయ పెంపుడు జంతువుల వైద్యుల సంఘం (డబ్ల్యూఎస్‌ఏవీఏ) 2024 మార్గదర్శకాలు తర్వాతి డోసును ఏడాది దాకా ఆపకుండా 26 వారాలకే వేయమంటున్నాయి. ఆపైన పార్వో, డిస్టెంపర్, అడినో (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్) టీకాలు మూడేళ్లకోసారి చాలు. లెప్టో (ఎలుకల మూత్రంతో వ్యాపించే బ్యాక్టీరియా జబ్బు) టీకా మాత్రం మొదట రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా. ఎలుకలు తిరిగే ఇళ్లలో, వానాకాలం నీళ్లు నిలిచే చోట దాన్ని వదలొద్దు. రేబిస్ పన్నెండు వారాలు నిండాకే లెక్క. అంతకుముందు వేసి ఉంటే నిండాక మళ్లీ వేయించాలి, ఏడాదికి బూస్టర్.

కుక్కల కరోనా (మనుషుల కోవిడ్ కాదు) కలిపిన "నైన్ ఇన్ వన్" టీకా కోసం వెతకక్కర్లేదు.

టీకా వేసేటప్పుడు దగ్గరుండి చూడండి. సీసాలు రెండుంటాయి. ఒకదాని అడుగున తెల్లటి పొడిముద్ద, రెండోదాంట్లో ద్రవం. పార్వో, డిస్టెంపర్ టీకా ఉండేది ఆ ముద్దలోనే. ద్రవాన్ని అందులోకి ఎక్కించి, పూర్తిగా కరిగాక వెంటనే వేయాలి. రెండూ 2-8 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి వచ్చినవై ఉండాలి. రెండు సీసాల స్టిక్కర్లూ కార్డు మీద అంటించి, తేదీ రాయించుకోండి. జ్వరం, విరేచనాలు ఉంటే తగ్గాక వేయించండి.

పదహారో వారం డోసు పడి రెండు వారాలు అయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే నేల మీద పిల్లను దింపొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఎత్తుకుని మాత్రం వీధిలోకి తీసుకెళ్లండి, మనుషులూ బండ్ల చప్పుళ్లూ ఆ వయసులోనే అలవాటు కావాలి.