సరిహద్దు పట్టణాల్లో ఇంటి అలంకరణ: ఏ శైలి మేలు?

ఒడిశా వైపు సరిహద్దులోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లో కొత్తగా ఇల్లు కట్టుకునే తెలుగు కుటుంబాలకైనా, తాతల నాటి ఇంటిని బాగు చేయించుకునేవారికైనా ఇప్పుడు ఇంటీరియర్ డిజైనర్ల నోట వినిపించే పేర్లు ఇంచుమించు ఒకటే: స్కాండినేవియన్, ఇండస్ట్రియల్, మిడ్ సెంచరీ మోడర్న్, బోహో. ఫోనులో చూపించే బొమ్మలన్నీ బాగానే ఉంటాయి కాబట్టి, ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమని అనిపించడం సహజం. అయితే వీటిలో దాదాపు ప్రతి శైలీ ఎక్కడో ఒకచోట, అక్కడి వాతావరణానికో అక్కడి కట్టడాలకో తగినట్లుగా రూపుదిద్దుకున్నది. ఆ వాతావరణం మనకు ఉందా, ఆ కట్టడం మనదేనా అని ముందుగా చూసుకుంటే ఏది మేలో తేల్చుకోవడం చాలావరకు సులువవుతుంది.

మన పాత వీధుల్లోని ఇళ్లు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ఇరుగు పొరుగు ఇళ్లతో గోడలు కలిసి ఉంటాయి గనుక పక్కలకు కిటికీలు పెట్టే వీలుండదు. అరుగు, సావిడి, నడిమి గదులు, వంటిల్లు, పెరడు ఒకదాని వెనుక ఒకటిగా సాగే ఈ ఇంట్లో పట్టపగలు కూడా నడిమి గదిలో దీపం వేసుకోవలసిందే. దీనికి తోడు బరంపురం వైపు ఉప్పు గాలి, వానాకాలమంతా వదలని చెమ్మ, చెదలు, తుఫానులు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ శ్రీకాకుళం జిల్లాతో పాటు గజపతి జిల్లానూ అతలాకుతలం చేసింది. ఇక్కడ ఏ శైలికైనా అసలు పరీక్ష వెలుతురు దగ్గర, చెమ్మ దగ్గర.

వెలుతురు విషయంలో స్కాండినేవియన్ శైలికి సాటి లేదు. డిసెంబరులో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో పగలు సుమారు 6 గంటలే ఉంటుంది కాబట్టి, దొరికిన కాస్త వెలుగునూ గది మూలమూలకూ చేర్చడానికి అక్కడివారు గోడలను తెల్లగా ఉంచి, లేత రంగు కలపను, తక్కువ సామానును ఎంచుకున్నారు. బరంపురంలో అదే నెలలో పగలు దాదాపు 11 గంటలు ఉంటుంది. కొరత సూర్యుడిది కాదు, కిటికీలది. అయినా నడిమి గదికి ఆ ఉపాయమే పనికొస్తుంది. చిక్కు రెండుచోట్ల వస్తుంది. తెల్లని గోడలకు తోడు 6500 కెల్విన్ (వెలుగు రంగును తెలిపే కొలత) తెల్ల బల్బులు బిగిస్తే ఇల్లు ఆసుపత్రి వార్డులా కనిపిస్తుంది. స్కాండినేవియన్ ఇళ్లలోని హాయి అంతా 2700 కెల్విన్ ప్రాంతపు పసుపుపచ్చని వెలుగులో ఉంది. రెండవది కలప. ఇక్కడ ఆ శైలి పేరుతో తరచుగా అమ్మేది పైన లేత రంగు లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డు, అంటే కలప పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. వంటింటి సింకు కింది తలుపును వానాకాలం తరువాత ఒకసారి చేతితో తడిమి చూడండి: అంచు ఉబ్బి, పట్టీ ఊడి, లోపలి పొట్టు వేళ్లకు అంటుకుంటుంది. ఒకసారి ఉబ్బిన బోర్డు మళ్లీ యథాస్థితికి రాదు. కాబట్టి ఈ శైలిలో రంగును, దీపాలను, ఖాళీని తీసుకోవాలి. బీరువాలను మాత్రం కాదు.

ఇండస్ట్రియల్ శైలిపై ఎక్కువ చెప్పవలసింది లేదు. 1960, 70 దశకాల్లో న్యూయార్క్‌లోని సోహో ప్రాంతంలో మూతబడిన కర్మాగారాల్లో కళాకారులు కాపురం పెట్టారు; పైకి కనబడే ఇటుక, ఇనుప దూలాలు, గొట్టాలు ఆ భవనాల్లో అప్పటికే ఉన్నవి. మన పాత ఇంట్లో ఇటుక కనబడాలని గోడ పూత చెక్కించడం నిజంగా హాని చేస్తుంది. ఆ ఇటుకలు పూత కింద ఉండడానికి పేర్చినవే గాని, చూపించడానికి పేర్చినవి కావు. పూత పోయిన సున్నపు గార రాలడం మొదలవుతుంది, ఇటుక మీద ఉప్పు తేలుతుంది. ఇనుము సంగతి తీరంలో ఉండేవారికి చెప్పనక్కరలేదు. సముద్రానికి దూరంగా రాయగడలోనో జయపురంలోనో ఉన్న దుకాణానికీ, ఆఫీసుకూ అయితే ఇది నప్పవచ్చు.

నా దృష్టిలో మన ప్రాంతానికి బయటి శైలుల్లో అన్నిటికంటె దగ్గరగా వచ్చేది మిడ్ సెంచరీ మోడర్న్. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి రెండు దశాబ్దాల్లో అమెరికా, ఐరోపాల్లో వ్యాపించిన ఈ శైలి మన దేశపు కలపతో, మన దేశపు ఎండలో ఒకసారి పరీక్షకు నిలిచింది. 1951 నుంచి చండీగఢ్ నిర్మాణంలో పని చేసిన స్విస్ వాస్తుశిల్పి పియర్ జానరే అక్కడి కార్యాలయాలకూ విశ్వవిద్యాలయానికీ టేకు, పేము కుర్చీలు రూపొందించారు. కొంతకాలానికి వాటిలో ఎన్నో పాత సామాను కింద వేలంలో పోయి, విదేశాల్లో పెద్ద ధరలు పలికాయి. ఆ కుర్చీ పేము అల్లికను దగ్గరగా చూడండి: నిలువు, అడ్డం, ఏటవాలు పోగులు కలిసి చిన్న చిన్న కన్నాలుగా ఏర్పడతాయి, వాటిలోంచి గాలి ఆడుతుంది గనుక ఏప్రిల్‌లో వీపు చెమటతో అంటుకోదు. అల్లిక తెగితే చట్రాన్ని పారేయనక్కరలేదు, మళ్లీ అల్లించుకోవచ్చు. సామానంతా సన్నని కాళ్ల మీద నేలకు ఎత్తుగా నిలబడడం ఈ శైలి లక్షణం. అలంకారంగా కనిపించే ఆ ఎత్తే మన ఇంట్లో పెద్ద రక్ష: కింద తడిగుడ్డ పెట్టవచ్చు, చెద పుట్టు కంటబడుతుంది, వరద నీరు బెత్తెడు వచ్చినా బీరువా మునగదు. టేకు ధర భారమే. కాని పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే తలుపులు, ద్వారబంధాలు, దూలాలు మంచి వడ్రంగి చేతిలో మళ్లీ సామానవుతాయి. ప్లైవుడ్ తప్పనిచోట, ముఖ్యంగా వంటింట్లో, ఐఎస్ 710 గుర్తు ఉన్న మెరైన్ రకాన్నే అడగాలి.

రకరకాల జానపద వస్తువులను, బట్టలను కలగలిపి అలంకరించే బోహో శైలి పేరుతో గిరిజన కళను గోడకెక్కించడం ఇప్పుడు బాగా పెరిగింది. రాయగడ, గజపతి జిల్లాల సవరలు ఇంటి గోడ మీద గీసే ఇడితాల్ అనే చిత్రం అలంకారం కోసం పుట్టినది కాదు; దేవతలకూ పితృదేవతలకూ అది నివాసం. దాన్ని స్టిక్కరుగా మార్చి సోఫా వెనుక అంటించడం కంటె, ఆ చిత్రకారుల చేతే కాగితం మీదో బట్ట మీదో వేయించుకుని, వారికి తగిన వెల చెల్లించి, ఆ బొమ్మలో ఏముందో పిల్లలకు చెప్పడం మర్యాద. డోంగ్రియా కంధులనే గిరిజనులు చేత్తో కుట్టుపని చేసే కపడాగండా శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోడకు అలాంటిది ఒక్కటి చాలు, గదినంతటినీ బోహో చేయనక్కరలేదు.

మన పాత పద్ధతినీ ఈ వరుసలో నిలబెట్టి నిజాయితీగా తూచాలి. ఎక్కడి నుంచో చెక్కిన స్తంభాలు కొని తెచ్చి సావిడిలో నిలబెడితే అది మన పద్ధతి కాదు. సున్నపు గోడ, ఎర్ర గచ్చు, గోడలోనే కట్టిన గూళ్లు, పెరటి గాలి: ఇవీ దాని బలాలు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది. దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మ లోపలే చిక్కి పొరలు పొరలుగా ఊడుతుంది. అయితే ఎత్తు గడపలు, చీకటి వంటిల్లు, నేల మీద కూర్చుని చేసే పనులు మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకు, నాయనమ్మలకు కష్టమే. వాటిని సంప్రదాయం పేరుతో కాపాడవలసిన పని లేదు.

అందుచేత పాత వీధి ఇంటికి నేలా గోడలూ మన పద్ధతిలో ఉంచి, నడిమి గదికి స్కాండినేవియన్ వెలుతురునూ, సామానుకు మిడ్ సెంచరీ తీరునూ తీసుకోవడం మేలు. అపార్ట్‌మెంటు ఫ్లాటులో కిటికీలు సరిపడా ఉంటాయి కాబట్టి తెలుపు కోసం పాకులాడనక్కరలేదు, రంగులకు చోటివ్వవచ్చు. డబ్బు పరిమితంగా ఉంటే ముందు కప్పు కారకుండా చూసుకోవాలి, తరువాత చెద మందు, ఆ తరువాత దీపాలు, చివరగా సామాను. పై అంతస్తులో జిప్సం ఫాల్స్ సీలింగ్ గురించి ఆలోచించేవారు స్లాబు ఒక వానాకాలం, ఒక అక్టోబరు దాటేదాకా ఆగి, ఎక్కడా తడి మరక లేదని రూఢి చేసుకున్నాకే పని మొదలుపెట్టించాలి.