విడిపోయిన దేశానికి ఏది మేలు: పాతదేశం సంతకమా, పెద్దదేశం అండా, సొంత కష్టమా?

పొలం తగాదాల్లో ఈ మాట వినే ఉంటారు, "ముప్పై ఏళ్లుగా సాగులో మేమే ఉన్నాం, పాస్‌బుక్ మాత్రం వాళ్ల పేరు మీదే ఉంది" అని. ఆఫ్రికాలో సోమాలియా నుంచి విడిపోయిన సోమాలీలాండ్ వాళ్లది అచ్చం అదే పరిస్థితి. వాళ్లని చూశాకే నాకు ఈ డౌటొచ్చింది, ఒక ప్రాంతం విడిపోయి మాది వేరే దేశం అంటే మిగతా దేశాలు దేన్ని చూసి ఒప్పుకుంటాయి అసలు?

పుస్తకాల్లో జవాబు సింపుల్‌గానే ఉంటుంది. 1933 మాంటెవీడియో ఒప్పందం ప్రకారం జనం, భూభాగం, ప్రభుత్వం, బయటి దేశాలతో వ్యవహారం నడిపే సత్తా, ఈ నాలుగూ ఉంటే దేశమే. సోమాలీలాండ్‌కి నాలుగూ ఉన్నాయి. 1960 జూన్ 26న బ్రిటిష్ వాళ్ల నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకుని ఐదు రోజులు దేశంగా ఉండి జులై 1న ఇటలీ పాలనలో ఉన్న సోమాలియాతో కలిసిపోయారు, తర్వాత సోమాలియా నియంత సియాద్ బర్రే ప్రభుత్వం 1988లో వాళ్ల హర్గీసా నగరం మీదే బాంబులేయించింది, ఆ ప్రభుత్వం కూలాక 1991 మే 18న విడిపోతున్నాం అన్నారు. అప్పట్నుంచి సొంత కరెన్సీ, సొంత పోలీసు, సొంత పాస్‌పోర్టు. 2003 అధ్యక్ష ఎన్నికల్లో కమిషన్ చెప్పిన తేడా 80 ఓట్లు, లక్షల్లో కాదు, 80! అయినా కొట్టుకు చావలేదు, కోర్టుకెళ్లి తేల్చుకున్నారు. 2010లో, మళ్లీ 2024లో కుర్చీలో ఉన్నవాళ్లే ఓడిపోయి మర్యాదగా దిగిపోయారు.

ఇంత చేసినా 34 ఏళ్లు ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఒక్కటీ గుర్తించలేదు. 2025 డిసెంబర్‌లో ఇజ్రాయెల్ మొదటిసారి గుర్తించింది. మిగతావాళ్లు గుర్తించకపోవడానికి కారణం ఏంటంటే సోమాలియా ఒప్పుకోవట్లేదు, ఆఫ్రికా దేశాలేమో 1964లో కైరోలో కూర్చుని స్వాతంత్ర్యం వచ్చినప్పటి సరిహద్దులు కదపొద్దు అని రాసుకున్నాయి, ఎవరింట్లో వాళ్లకి ఒక సోమాలీలాండ్ భయం ఉంది మరి. మాది పాత బ్రిటిష్ సరిహద్దే కదా, మేం కదిపిందేముంది అని వీళ్లు మొత్తుకుంటున్నారు, నాకైతే అందులో న్యాయం కనిపిస్తుంది. కానీ నువ్వు ముందు గుర్తించు అంటే నువ్వు ముందు అని అందరూ పక్కవాడి మొహం చూస్తున్నారు.

దీని పక్కన దక్షిణ సూడాన్‌ని పెట్టండి. 2005లో శాంతి ఒప్పందం, 2011 జనవరిలో రెఫరెండం, 98.83 శాతం విడిపోదాం అన్నారు, జులై 9న స్వాతంత్ర్యం, జులై 14కి ఐరాసలో 193వ సభ్యదేశం. ఐదు రోజులంతే! వాళ్లకంత స్పీడ్ ఎక్కడిదంటే అందరికంటే ముందు గుర్తించింది సూడానే, ఇంటి పెద్దే సంతకం పెట్టాక ఊళ్లో వాళ్లకి అడ్డం చెప్పే పనేముంది. కాకపోతే 2013 డిసెంబర్ కల్లా లోపల్లోపలే యుద్ధం మొదలైంది, ఇప్పటికీ వాళ్ల ఆయిల్ సముద్రానికి చేరాలంటే సూడాన్ పైపులైనే దిక్కు.

మూడోది సెర్బియా నుంచి విడిపోయిన కొసావో రూటు, అంటే వెనకాల పెద్దవాళ్లుండటం. 2008 ఫిబ్రవరి 17న ప్రకటించుకుంటే మర్నాడే అమెరికా గుర్తించింది. 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా అలా ప్రకటించుకోవడం చట్టవిరుద్ధం కాదంది, అయితే అది దేశమా కాదా అన్న ముక్క మాత్రం తెలివిగా తేల్చకుండా వదిలేసింది. సెర్బియా సంతకం లేదు, రష్యా చేతిలో వీటో ఉంది, కాబట్టి ఐరాస సీటు రాలేదు. ఐఎంఎఫ్‌లో ఉన్నారు, 2016 నుంచి ఫిఫాలోనూ ఉన్నారు. స్పెయిన్ గుర్తించదు, తమ దగ్గర విడిపోతామంటున్న కాటలోనియా గుర్తొస్తుంది కాబట్టి. మనమూ గుర్తించలేదు, ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. 2018లో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగితే కొసావో బాక్సర్‌కి వీసా దొరకలేదు, ఆ అమ్మాయికి బాక్సింగ్ రావడం రాకపోవడంతో సంబంధం లేదు దానికి.

అండ ఒకటుంటే చాలు అనుకునేవాళ్లకి బంగ్లాదేశ్ చూపించాలి. 1971 డిసెంబర్ 6న మనమూ భూటానూ గుర్తించాం, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. అంత గెలుపు తర్వాత కూడా 1972లో ఐరాస సభ్యత్వానికి చైనా వీటో అడ్డమొచ్చింది. 1974 ఫిబ్రవరిలో పాకిస్తాన్ గుర్తించాకే అదే ఏడాది సెప్టెంబర్‌లో సీటు వచ్చింది. అంటే యుద్ధం గెలిచినా చివరికి పాత ఇంటివాళ్ల సంతకమే కావాల్సొచ్చింది. ఉత్తర సైప్రస్‌కైతే 1983 నుంచి టర్కీ తప్ప ఇంకెవరూ లేరు.

మన హైదరాబాద్ సంగతీ ఒకటుంది, అది విడిపోవడం కాదు, కలవనని భీష్మించుకోవడం. నిజాంకి హాలీ సిక్కా అని సొంత నాణెం ఉంది, రైల్వే ఉంది, సైన్యం ఉంది, 1948 ఆగస్టులో భద్రతా మండలి దాకా ఫిర్యాదు వెళ్లింది, అయినా దేశంగా గుర్తించిన వాళ్లు లేరు, సెప్టెంబర్ 17కి కథ ముగిసింది. నాణెం ముద్రించుకున్నంత మాత్రాన దేశం అయిపోరు.

సరే ఏది మేలు అంటే, గుర్తింపు కోసమైతే సంతకమే, పదేళ్లు ఆలస్యమైనా సరే, సందేహం లేదు. అండ దొరికితే సగం పని అవుతుంది, ఆ సగంతోనే జీవితాంతం నెట్టుకురావాలి. సొంత కష్టానికి గుర్తింపు మార్కెట్‌లో రేటే లేదు, కానీ రేపు వెళ్లి ఉండమంటే మాత్రం నేను దక్షిణ సూడాన్ రాజధాని జూబా కాదు, హర్గీసాకే వెళ్తాను.

ఇప్పుడు ఇజ్రాయెల్ వెనకాల ఇంకెవరొస్తారో అని హర్గీసాలో ఆశ ఉంటుంది కదా, నాకైతే జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియా గుర్తొస్తోంది. 2008లో రష్యా గుర్తిస్తే వెనకాలే నికరాగువా, తర్వాత వెనెజులా, నౌరు వచ్చాయి, పసిఫిక్‌లో వనువాటు, తువాలు కూడా వచ్చి రెండు మూడేళ్లకే మాట వెనక్కి తీసేసుకుని వెళ్లిపోయాయి.